కారు సీటు చిరిగిందా? కవర్ తొడిగే ముందు ఇలా బాగుచేసుకోండి

వినాయక చవితికి ముందు రోజు హైదరాబాద్‌లోని ధూల్‌పేట నుంచి విగ్రహం తెచ్చేటప్పుడు చాలామంది చేసే పనే మేమూ చేశాం. పీటతో సహా విగ్రహాన్ని వెనక సీటు మీద నిలబెట్టి, పక్కన ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చి దించుతుంటే పీట అడుగున పైకి తేలిన మేకు రెక్సిన్‌ను నాలుగు అంగుళాల మేర చీల్చేసింది. ఆ సాయంత్రమే ఇన్‌స్టంట్ గమ్ పూసి అంచులు అంటించాను. రెండు వారాలు తిరగకుండానే గమ్ గీతకు అటొకటి, ఇటొకటి కొత్త చీలికలు వచ్చాయి. చివరికి మా వీధి చివర కుషన్ వర్క్స్ షాపులో చూపిస్తే, అక్కడి పెద్ద మాస్టర్ రాయిలా గట్టిపడ్డ ఆ గీతను బొటనవేలితో నొక్కి చూశాడు. "పైన పని చేశావు బాబూ, పని ఉన్నది కింద" అన్నాడు.

ఈ రిపేరు మొత్తానికి ఆ మాటే ఆధారం. మనం కూర్చున్న ప్రతిసారీ సీటు పైబట్ట నాలుగు వైపులకూ సాగుతుంది. చిరుగు అంచుల్ని పైనుంచి ఎంత గట్టి గమ్‌తో కలిపినా ఆ లాగుడంతా మళ్లీ ఆ సన్నటి అంచుల మీదే పడుతుంది. అడుగున గట్టి గుడ్డ ఒకటి పెట్టి, లాగుడును ఆ గుడ్డ మోసేలా చేస్తేనే అతుకు నిలుస్తుంది. చిరుగు కనబడగానే కొత్త సీట్ కవర్లు తొడిగేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కవర్ కింద చిరుగు పెరగడం ఆగదు. స్పాంజి పొడిపొడిగా రాలుతూనే ఉంటుంది. ఆరు నెలలకు కవర్ తీసి చూస్తే వేలెడంత చిరుగు జానెడవుతుంది. కవర్ వేసుకోండి, తప్పులేదు, కానీ ముందు చిరుగు బాగుచేసి ఆ తర్వాత వేసుకోండి.

నాలుగైదు అంగుళాల చిరుగుకు ఒక ఆదివారం పొద్దున, ఆ పైన ఒక రాత్రంతా ఆరబెట్టే సమయం సరిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: ఊడింది కుట్టా, చిరిగింది బట్టా?

రెండు వేళ్లతో అంచులు విప్పి లోపలికి చూడండి. రెండు ముక్కలు కలిసే గీత దగ్గరే విడిపోయి, పాత సూది రంధ్రాలు వరసగా, చెక్కుచెదరకుండా కనబడుతుంటే ఊడింది కుట్టే. బట్టకు ఏమీ కాలేదు, దారం చివికిపోయిందంతే. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల అరగంటలోనే ఇంకో 15 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ వేడి, ఆ వెలుతురు తగిలితే ఎంత మంచి దారమైనా బలం కోల్పోతుంది. ఈ రకం రిపేరు అన్నిటికన్నా తేలిక. ఇంట్లో చేసినా షాపులో చేసినంత బాగా వస్తుంది.

అదే గీత దగ్గర విడిపోయినా, రంధ్రాలు ఒకదానిలోకి ఒకటి చినిగి, అంచు పోస్టల్ స్టాంపు అంచులా పళ్లుపళ్లుగా ఉంటే జాగ్రత్త. పాత రంధ్రాల్లో మళ్లీ కుట్టినా అవి పట్టవు. దాన్ని చిరుగు కిందే లెక్కేసుకోవాలి.

కుట్టుకు దూరంగా, ముక్క మధ్యలో తెగితే అది చిరుగు. అప్పుడు ఆ బట్ట ఏమిటో తెలియాలి. చిరుగు అంచు తిరగేసి అడుగు చూడండి. వెనక తెల్లటి అల్లిక గుడ్డ, పైన నున్నటి ప్లాస్టిక్ పొర కనబడితే రెక్సిన్. అడుగున నూగునూగుగా పీచు ఉండి, వేరే గుడ్డ పొర లేకపోతే అసలు తోలు. 'లెదర్ సీట్లు' అని అమ్మే కార్లలోనూ చాలాసార్లు మనం ఆనుకునే భాగమే తోలు, పక్కలు, వెనక భాగం రెక్సిన్. నేసిన బట్ట అయితే చూడగానే తెలుస్తుంది. దాని అడుగున సాధారణంగా పల్చటి స్పాంజి పొర అంటించి ఉంటుంది.

ఇంకొక పరీక్ష ఉంది, దీన్ని మాత్రం వదిలేయకండి. చిరుగుకు రెండు అంగుళాల దూరంలో రెక్సిన్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య చిన్న మడత పెట్టండి. మెత్తగా మడత పడి, వదలగానే తిరిగి వస్తే బాగుచేయొచ్చు. సన్నసన్నటి పగుళ్లు కనబడితే ఆ రెక్సిన్ పనైపోయినట్టే. రెక్సిన్‌ను మెత్తగా ఉంచడానికి అందులో నూనె లాంటి పదార్థం కలుపుతారు. వేడికి అది మెల్లగా ఆవిరై బయటికి పోతుంది. ముందు అద్దం లోపలి వైపు ఎంత తుడిచినా మళ్లీ పట్టే జిడ్డు పొరలో కొంత అదే. అలా ఎండిపోయిన రెక్సిన్‌కు సూది గుచ్చితే ఆ రంధ్రం దగ్గరే కొత్త చిరుగు మొదలవుతుంది. పైపొర పొట్టులా రాలిపోతున్న సీటుదీ ఇదే సంగతి. ఏ అతుకూ పట్టదు. ఆ ముక్క మార్పించుకోవడమే మార్గం, దాని గురించి చివర్లో చెబుతాను.

సూది పట్టుకునే ముందు ఎయిర్‌బ్యాగ్ చూసుకోండి

కాస్త కొత్త కార్లలో ముందు సీట్ల వీపు భాగంలో, తలుపు వైపు అంచులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. ఆ అంచు మీద 'ఎయిర్‌బ్యాగ్' అని ఇంగ్లీషులో రాసిన చిన్న గుడ్డ ట్యాగ్ కుట్టి ఉంటుంది. యాక్సిడెంట్ జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగ్ ఉబ్బి ఆ కుట్టును చీల్చుకుని బయటికి రావాలి. అందుకే అక్కడ కావాలనే తేలిగ్గా తెగే దారంతో కుడతారు. మీరు మంచి మనసుతోనే గట్టి నైలాన్ దారం వేసి ఆ కుట్టు బిగిస్తే, బ్యాగ్ రావాల్సిన క్షణంలో రాకపోవచ్చు, వేరే దిక్కుకు పోవచ్చు. ఆ వైపు కుట్టు ఊడితే ఇంట్లో ముట్టుకోవద్దు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి.

సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లవి. వాటిని ఊడదీయకండి, లాగకండి. ఇంకోటి, 2019 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు ముందు ఇద్దరికీ సీట్ బెల్ట్ రిమైండర్ తప్పనిసరి అయింది. పక్క సీట్లో మనిషి కూర్చున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి చాలా కార్లలో ఆ సీటు కూర్చునే భాగంలో పల్చటి సెన్సర్ పట్టీ పెడతారు. సూది నిలువుగా దించితే అది పాడవుతుంది. ముందు పక్క సీటు మీద పని చేస్తుంటే సూది ఎప్పుడూ బట్టకు సమాంతరంగా, పైపైనే నడవాలి.

సామాను

నెలవంకలా వంగిన సూది ముఖ్యం. మామూలు సూదితోనో, గోనె సంచులు కుట్టే దబ్బనంతోనో ఒక వైపు నుంచి మాత్రమే చేతికందే సీటును కుట్టలేం. వంకర సూది అయితే పైనుంచి దిగి తనంతట తనే పైకి తేలుతుంది. జనరల్ బజార్, సుల్తాన్ బజార్ వైపు టైలరింగ్ సామాను అమ్మే షాపుల్లో అడగండి. తోలు సీటుకైతే మొన మూడు పలకలుగా ఉన్న సూది కావాలి. రెక్సిన్‌కు, బట్టకు అది వద్దు, కోసేస్తుంది.

దారం పాలిస్టర్‌ది గానీ, బాండెడ్ నైలాన్ (పోగులు విడిపోకుండా పూత పూసిన నైలాన్ దారం) గానీ తీసుకోండి. చెప్పులు, బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర దొరుకుతుంది. చొక్కాలు కుట్టే నూలు దారం వద్దు. చెమటకు, తేమకు త్వరగా చివికిపోతుంది. ఒక మైనం ముక్క ఉంటే దారాన్ని దాని మీద రెండుసార్లు లాగండి. చిక్కుపడదు, కుట్టు బిగించినప్పుడు వెనక్కి జారదు.

గమ్ విషయంలోనే చాలామంది పొరపాటు పడతారు. ఇన్‌స్టంట్ గమ్ గాజులా గట్టిపడుతుంది. సీటు వంగుతుంది, అది వంగదు, కాబట్టి దాని పక్కనే చీలుతుంది. నాకు జరిగింది అదే. వడ్రంగి పనికి వాడే తెల్ల జిగురు తేమకు ఊడిపోతుంది. కావాల్సింది ఆరాక కూడా రబ్బరులా సాగే సింథటిక్ రబ్బర్ గమ్. ఫెవిబాండ్, ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటివి ఈ కోవలోవే. రాణిగంజ్, బేగంబజార్ హార్డ్‌వేర్ షాపుల్లోనే కాదు, మీ కాలనీలో ప్లైవుడ్ అమ్మే షాపులో కూడా దొరుకుతాయి. చిన్న డబ్బా చాలు.

మిగతావి ఇంట్లోవే: సాగని పాత జీన్స్ ప్యాంటు ముక్క, కత్తెర, చిన్న బ్రష్, బట్టలారేసే క్లిప్పులు, పాలిథీన్ కవర్, స్టీలు స్కేలు, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, ఇంకా 5 కిలోల బియ్యం సంచి. బియ్యం సంచి ఎందుకో కాసేపట్లో చెబుతాను.

తుడవడం

ఇది విసుగనిపించే పని, కానీ అతుకులు ఊడిపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంటుంది. చిరుగు లోపల చేరిన దుమ్ము, స్పాంజి పొడి వ్యాక్యూమ్‌తోనో పాత టూత్‌బ్రష్‌తోనో తీసేయండి. నీళ్లలో కొద్దిగా షాంపూ కలిపి గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి. కారు కడిగేవాళ్లు సీట్లకు మెరుపు కోసం పూసే పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది. అది ఉన్నచోట ఏ గమ్మూ పట్టదు. రెక్సిన్ అయితే స్పిరిట్ తడిపిన దూదితో చిరుగు చుట్టూ రెండు అంగుళాలు ఒక్కసారి తుడిచి వదిలేయండి. అదేపనిగా రుద్దితే రంగు లేస్తుంది. తోలుకు స్పిరిట్ వద్దు. పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రవం దేనికీ వద్దు, రెక్సిన్ పైపొరనే కరిగించేస్తాయి.

కుట్టు ఊడితే: నిచ్చెన కుట్టు

రెక్సిన్ చల్లగా ఉంటే బిగుసుకుని ఉంటుంది. డిసెంబరు పొద్దున చేస్తుంటే కారును పావుగంట ఎండలో పెట్టి మొదలుపెట్టండి. అంచులు మెత్తబడి దగ్గరికొస్తాయి.

ఊడిన పొడవుకు నాలుగు రెట్లు దారం తీసుకుని చివర ముడి వేయండి. ఊడిన చోట కాకుండా, దానికి అర అంగుళం ముందు, ఇంకా బాగున్న కుట్టు దగ్గర మొదలుపెట్టాలి. ముడి పైకి కనబడకుండా సూదిని మడత లోపలి నుంచి పైకి తీయండి.

ఇప్పుడు అసలు కుట్టు. ఒక అంచు మడతలో పాత రంధ్రంలోకి సూది దించి, మడత లోపలే నడిపి, అదే వైపు పక్క రంధ్రంలోంచి పైకి తీయండి. అక్కడి నుంచి సరిగ్గా ఎదురుగా ఉన్న రెండో అంచు రంధ్రంలోకి వెళ్లండి. అక్కడ కూడా మడత లోపల ఒక రంధ్రం దూరం నడిచి పైకి రండి. మళ్లీ ఎదురు అంచుకు. ఇలా నాలుగైదు కుట్లు పడేసరికి రెండు అంచుల మధ్య దారం నిచ్చెన మెట్లలా అడ్డంగా కనబడుతుంది. అందుకే దీన్ని నిచ్చెన కుట్టు అంటున్నాను.

నాలుగైదు మెట్లు పడ్డాక దారాన్ని గీత వెంబడి, కుట్టుకుంటూ వెళ్లే దిక్కులోనే మెల్లగా లాగండి. మెట్లు లోపలికి మునిగి అంచులు రెండూ కలిసిపోతాయి, దారం కనబడదు. పైకి లాగకండి, రెక్సిన్ కోసుకుపోతుంది. మొత్తం పూర్తయ్యాక ఒకేసారి బిగిద్దామని కూడా అనుకోవద్దు. అంత పొడవున దారం కదలదు, మధ్యలో వదులు మిగిలిపోతుంది. సీటు మీద ఇంకొకరు రెండు అరచేతులతో గీతకు అటూ ఇటూ నొక్కి స్పాంజిని దగ్గరికి తోస్తే బిగించడం చాలా తేలికవుతుంది. మా ఇంట్లో ఈ పని మా అమ్మాయిది.

ఎట్టి పరిస్థితుల్లోనూ కొత్త రంధ్రాలు చేయకండి. బట్టకు పడ్డ రంధ్రం పోగులు సర్దుకుని పూడుతుంది, రెక్సిన్‌కు పడ్డ రంధ్రం పూడదు. చివర కూడా బాగున్న కుట్టులోకి అర అంగుళం వెళ్లి, రెండు కుట్లు వెనక్కి వేసి, ముడి పెట్టి, మిగిలిన దారాన్ని సూదితో లోపలికి లాగి అక్కడ కత్తిరించండి.

రెక్సిన్ మధ్యలో చిరిగితే

ముందు అంచుల దగ్గర వేలాడే పోగులు, ముడుచుకుపోయిన పీలికలు చిన్న కత్తెరతో తీసేయండి. అంచును మాత్రం కోయొద్దు. ప్రతి మిల్లీమీటరూ కావాలి.

జీన్స్ ముక్కను చిరుగుకు అన్ని వైపులా అంగుళం ఎక్కువ ఉండేలా కత్తిరించి, మూలలు గుండ్రంగా చేయండి. మూల కోసుగా ఉంటే లోపల మడత పడి, కూర్చున్నప్పుడు గుచ్చుకుంటున్నట్టు తెలుస్తుంది. ఆ ముక్కను చుట్టలా చుట్టి చిరుగులోంచి లోపలికి దూర్చి, స్కేలు చివరతో నాలుగు వైపులా సర్ది పరవండి. గమ్ పూయకుండా ముందు ఒకసారి పొడిగా చేసి చూడండి. ఎక్కడ మడత పడుతుందో, ఎటు నుంచి దూరిస్తే తేలికో అప్పుడు తెలుస్తుంది. గమ్ పూశాక నేర్చుకునే అవకాశం ఉండదు.

రబ్బర్ గమ్‌కు ఒక నియమం ఉంది. అంటించాల్సిన రెండు ముఖాలకూ పల్చగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. వేలు ఆనిస్తే జిగటగా తగలాలి, వేలికి అంటుకోకూడదు. అప్పుడు కలిపితే ఆ క్షణంలోనే పట్టేస్తుంది, మళ్లీ సర్దుకోలేం. తడిగా ఉండగానే కలిపితే లోపల ద్రావకం చిక్కుకుపోయి రెండు రోజులైనా పట్టు రాదు. మాస్టర్ దగ్గర నేను నేర్చుకున్న ఒడుపు ఇక్కడే పనికొస్తుంది. జీన్స్ ముక్క లోపల పరిచాక, ఒక వైపు రెక్సిన్ అంచును పైకెత్తి క్లిప్పుతో పట్టించండి. ఆ వైపు ముక్కకూ, రెక్సిన్ అడుగుకూ బ్రష్‌తో గమ్ పూయండి. రెండింటి మధ్య పాలిథీన్ పట్టీ పెట్టి వదిలేయండి, ఆరేలోపు ఒకదానికొకటి తగలకుండా. పదిహేను నిమిషాలకు క్లిప్పు, పాలిథీన్ తీసేసి, చిరుగు దూరపు కొస నుంచి అంచు వైపు వేలితో నొక్కుకుంటూ రండి. ఆ వైపు పట్టాక రెండో వైపు ఇలాగే. రెండు వైపులా ఒకేసారి చేయాలని చూస్తే గమ్ ఎక్కడో ఒకచోట ముందే అంటుకుని అంచులు వంకర పోతాయి. స్పాంజి మీద గమ్ కారనివ్వకండి, అది గడ్డ కట్టి కూర్చున్నప్పుడు తగులుతుంది.

పాత చిరుగు అంచులు ఒక్కోసారి కలవవు. రెక్సిన్ ఎండకు కుంచించుకుపోయి మధ్యలో సందు మిగులుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక అడుగు దూరం నుంచి నెమ్మదిగా వేడి చేస్తూ, రెండు వైపుల నుంచి స్పాంజిని నొక్కితే చాలావరకు దగ్గరవుతాయి. అయినా 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉంటే బలవంతంగా లాగి అంటించవద్దు, రేపే మళ్లీ తెరుచుకుంటుంది. అదే రంగు రెక్సిన్ ముక్క తెచ్చి, సందు ఆకారానికే సన్నటి పట్టీ కోసి, జీన్స్ ముక్క మీద మధ్యలో పొదగండి. కుషన్ వర్క్స్ షాపుల్లో కత్తిరింపు ముక్కలు ఎప్పుడూ కుప్పగా ఉంటాయి, అడిగితే ఇస్తారు. సీటు అడుగున, బయటికి కనబడని మడతలో మీ కారు రెక్సిన్‌దే చిన్న ముక్క దొరికితే ఇంకా మంచిది, గరుకు కూడా కలుస్తుంది.

ఎల్ ఆకారంలో తెగితే ముందు మూలను అంటించి, ఆ తర్వాత ఎల్ రెండు గీతల వెంబడి వెళ్లండి. కొసల నుంచి మొదలుపెడితే మూల దగ్గరికొచ్చేసరికి ఉబ్బు మిగులుతుంది.

ఇప్పుడు బియ్యం సంచి. అతుకు మీద పాలిథీన్ కవర్ పరిచి, దాని మీద బియ్యం సంచి పెట్టి ఒక రాత్రి, వీలైతే 24 గంటలు కదపకండి. చెక్క పెట్టినా, పుస్తకం పెట్టినా సీటు వంపుల్లో మధ్యలోనో అంచులోనో మాత్రమే ఆనుతాయి. బియ్యం ఏ వంపుకైనా ఒదిగి అంతటా సమానంగా నొక్కుతుంది.

గమ్ వాసన ఘాటుగా ఉంటుంది, అది మండే ద్రావకం. సెల్లార్‌లో చేస్తుంటే నాలుగు తలుపులూ తెరిచి పెట్టండి. దగ్గర్లో సిగరెట్టు, అగరొత్తి ఉండకూడదు. మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి, రెండో వైపు పూసేలోపు మొదటి వైపు ఎండిపోతుంది. వానలు పడే రోజుల్లో పదిహేను నిమిషాలు చాలవు, వేలితో చూసుకోండి.

చివరగా పైన కనబడే గీత. అది ఇష్టం లేకపోతే రెక్సిన్ రిపేర్ పేస్టులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పాత ఏటీఎం కార్డు అంచుతో చాలా పల్చగా పూసి, పూర్తిగా ఆరాక ఇంకో పొర పూయాలి. ఒకేసారి మందంగా వేస్తే పగులుతుంది. నల్ల సీటైతే రంగు ఇట్టే కలుస్తుంది. బీజ్ రంగు సీటుకు మాత్రం డబ్బా మీద రంగు చూసి నమ్మకండి. సీటు వెనక కనబడని చోట పూసి, ఆరాక పగటి వెలుతురులో చూసి నిర్ణయించుకోండి. నా మటుకు నేను గీతను అలాగే వదిలేశాను. అతుకు గట్టిగా ఉంది, కనబడితే నష్టం లేదు.

తోలు సీటుకూ పద్ధతి ఇదే. తోలు కొద్దిగా సాగుతుంది కాబట్టి జీన్స్ కన్నా పల్చటి క్యాన్వాస్ వాడండి.

బట్ట సీట్లు

బట్టకు మాసిక వేయడం మన అమ్మమ్మలు బాగా ఎరిగిన పనే. చిరుగు అంచున పోగులు ఊడకుండా ముందు రబ్బర్ గమ్‌ను పుల్లతో సన్నగా రాసి ఆరనివ్వండి. తర్వాత పైన చెప్పినట్టే అడుగున ముక్క పెట్టి అంటించి, అదే రంగు పాలిస్టర్ దారంతో నిచ్చెన కుట్టు వేయండి. ఇక్కడ అంచు నుంచి 4 మిల్లీమీటర్లు లోపలికి వచ్చి కుట్టాలి, లేకపోతే పోగులు జారిపోతాయి. టైలర్లు కాలర్లకు వాడే ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగ్ కూడా పనికొస్తుంది గానీ, సీటు బట్ట పాలిస్టర్, దాని కింద స్పాంజి. ఇస్త్రీ పెట్టె వేడి బాగా తగ్గించి, మధ్యలో నూలు గుడ్డ వేసి, కొద్ది సెకన్లే ఆనించాలి.

సిగరెట్టో, అగరొత్తి నిప్పో పడి చిన్న రంధ్రం పడితే, నల్లగా గట్టిపడ్డ అంచును తీసేసి, సీటు కింద కనబడని చోట నుంచి గొరిగిన నూగును గమ్ మీద అద్ది నొక్కితే చాలు.

స్పాంజి దిగిపోతే

డ్రైవర్ సీటు కుడి అంచు అన్నిటికన్నా ముందు పోతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు దాని మీదుగానే జారుతాం. అక్కడ చిరుగు చూసినప్పుడు లోపలి స్పాంజి కూడా నొక్కి చూడండి. వేలికి ఇనుప ఫ్రేమ్ తగిలితే పైన ఎంత బాగా అతికినా ప్రయోజనం లేదు, ఫ్రేమ్ మళ్లీ చింపేస్తుంది. 40 డెన్సిటీ (ఘనపు మీటరుకు 40 కిలోలు తూగే) స్పాంజి ముక్కను అరిగిన మేరకు కోసి, అంచులు పల్చగా చెక్కి, రబ్బర్ గమ్‌తో అతికించాలి. ఫ్రేమ్‌కు ఆనే వైపు గోనె గుడ్డ ఒక పొర వేస్తే స్పాంజి త్వరగా అరగదు.

దీనికి కవర్ కొంత విప్పక తప్పదు. వెనక సీటైతే పని సులువు. చాలా హ్యాచ్‌బ్యాక్ కార్లలో కూర్చునే భాగాన్ని ముందు అంచు పట్టి పైకి లాగితే క్లిప్పుల నుంచి ఊడి వస్తుంది. తిరగేస్తే కవర్‌ను పట్టి ఉంచిన చిన్న ఇనుప రింగులు కనబడతాయి. కటింగ్ ప్లయర్‌తో వాటిని తెంపి, తిరిగి బిగించేటప్పుడు నైలాన్ కేబుల్ టైలు వాడొచ్చు. కవర్ ఊడి వచ్చిందంటే ఇంకో లాభం, చిరుగుకు అడుగు నుంచే ముక్క అతికించొచ్చు, చేయి తిరుగుతుంది. ఊడిన కుట్టైతే ఆ కవర్‌ను వీధిలో చెప్పులు కుట్టే అన్న దగ్గరికి తీసుకెళ్తే పాత రంధ్రాల మీదుగా కుట్టి ఇస్తాడు. ఇంట్లో కుట్టుమిషన్ మీద ప్రయత్నించకండి, రెండు మూడు పొరల రెక్సిన్‌కు సూది విరుగుతుంది. సీటు తిరిగి బిగించేటప్పుడు సీట్ బెల్ట్ బకిల్స్ అన్నీ పైకి వచ్చాయో లేదో చూసుకున్నాకే నొక్కండి.

షాపుకు ఇవ్వాల్సి వస్తే

రెక్సిన్ ఎండి పగిలినా, పొట్టు రాలుతున్నా, చిరుగు జానెడు దాటినా కుషన్ వర్క్స్‌కే ఇవ్వండి. వెళ్లగానే "సీట్లన్నీ కొత్తవి చేయించండి" అంటారు. మీకు కావాల్సింది చిరిగిన ఆ ఒక్క ముక్క మార్చడం. సీటు కవర్ ఎన్నో ముక్కలు కలిపి కుట్టింది. పాత ముక్క కుట్లు విప్పి, దాన్నే కొలతగా పెట్టి కొత్తది కోసి, అదే చోట కుట్టొచ్చు. "ఈ ఒక్క ముక్కే మార్చండి, పాతది పారేయకండి, నాకివ్వండి" అని ముందే చెప్పండి. కొత్త రెక్సిన్‌ను పాతదాని పక్కన పెట్టి ఎండలో చూడండి, ట్యూబ్‌లైట్ కింద వద్దు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటైతే ఆ సంగతి మీరే గుర్తుచేయండి. ఆ వైపు కుట్టు విప్పాల్సిన పనైతే అక్కడ చేయించొద్దు.

అతికాక

మొదటి రెండు రోజులు దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. వారం తర్వాత అతుకు అంచులన్నీ గోరుతో మెల్లగా తడిమి చూడండి. ఎక్కడైనా లేస్తుంటే పుల్లతో కొంచెం గమ్ పెట్టి, ఆరనిచ్చి నొక్కండి, అప్పుడైతే రెండు నిమిషాల పని. నెల రోజులు ఆ చోట పాలిష్ పూయనివ్వొద్దు, కారు కడిగే అబ్బాయికి కూడా చెప్పండి. ఎండలో నిలిపితే ముందు అద్దానికి సన్‌షేడ్ పెట్టండి. పిల్లల సీటు బిగించేవాళ్లు అతుకును అప్పుడప్పుడు చూసుకోండి, దాని ప్లాస్టిక్ అంచులు ఒకేచోట నొక్కి గుంట చేస్తాయి. అలాగని దాని కింద మందపాటి దుప్పటి వేయకండి, పిల్లల సీటు బిగుతు వదులవుతుంది.

మా వెనక సీటు అతుకు మీదుగా మూడు చవితులు గడిచాయి. ఇప్పుడు విగ్రహం తెచ్చేటప్పుడు సీటు మీద ముందు ప్లైవుడ్ ముక్క, దాని మీద మడత పెట్టిన గోనె సంచి, ఆ పైన పీట పెడుతున్నాం. పీటను ధూల్‌పేటలోనే తిరగేసి, మేకులు లేవని చూసుకున్నాకే కారెక్కిస్తున్నాం.